చిన్న కారులో మంచి మైలేజీ: నెల్లూరు, ఒంగోలు రోడ్లకు పెట్రోలా, సీఎన్‌జీనా, డీజిలా?

కారు కొనబోయే ప్రతి ఒక్కరూ ముందు అడిగే మాట "లీటరుకు ఎంత ఇస్తుందన్నా?" అనే. షోరూంలో కుర్రాడు తడుముకోకుండా ఇరవై నాలుగనో, ఇరవై ఆరనో చెప్పేస్తాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఆ అంకె మీ రోడ్డు మీద, మీ కాలి కింద వచ్చేది కాదు. నెల్లూరు ట్రంకు రోడ్డులో సాయంత్రం పూట ఆగుతూ కదులుతూ పోయేవాళ్ళున్నారు. కావలి నుంచి నెల్లూరుకు రోజూ హైవే మీద వచ్చిపోయేవాళ్ళున్నారు. ఒంగోలు నుంచి పొదిలి మీదుగా మార్కాపురం వైపు తిరిగేవాళ్ళున్నారు. ముగ్గురికీ ఒకే కారు ఇచ్చినా మూడు రకాల మైలేజీ వస్తుంది. అందుకని ఏ కారు అనే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, అందులో టౌన్ ఎంత, హైవే ఎంత. ఈ రెండూ కాగితం మీద రాసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌కు తోడు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉన్న బండ్ల సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. మన మార్కెట్లో అసలైన హైబ్రిడ్ ఇప్పటిదాకా గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీ లాంటి పెద్ద బండ్లలోనే వచ్చింది. ఆరేడు లక్షల్లో కారు చూసుకునే ఇంటికి ఆ ధర అందదు. అందాల్సిన అవసరం కూడా లేదు, మామూలు చిన్న కారులోనే ఖర్చు బాగా తగ్గించుకోవచ్చు.

కంపెనీ చెప్పే అంకె ఎక్కడిది?

బ్రోచర్‌లో వేసే మైలేజీ ల్యాబులో రోలర్ల మీద కారును నడిపి తీసినది. ఆ పరీక్షలో గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లు, సగటు వేగం 30 పైచిలుకు మాత్రమే. ఏసీ వెయ్యరు. ఎదురుగాలి ఉండదు, వెనక సీట్లో ముగ్గురు ఉండరు, డిక్కీలో బియ్యం బస్తా ఉండదు. అన్ని కంపెనీల బండ్లకూ ఒకే పరీక్ష కాబట్టి ఒక కారును ఇంకో కారుతో పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది. నెల ఖర్చు లెక్క వేసుకోవడానికి పనికిరాదు.

బ్రోచర్‌లో 24 అని ఉన్న చిన్న పెట్రోలు కారు మన ఎండల్లో ఏసీతో టౌన్‌లో 14 నుంచి 17 మధ్య, హైవే మీద నిదానంగా పోతే 20 నుంచి 22 మధ్య ఇస్తుందని అనుకోండి. రెండూ కలిపి 18 నుంచి 20 వస్తుంటే బండి బాగున్నట్టే. టౌన్‌లో 15 వస్తోందని షెడ్డు చుట్టూ తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ బండికి రోగమేమీ లేదు.

మైలేజీని లీటరుకు కిలోమీటర్లలో చూడటంలో ఇంకో చిక్కు కూడా ఉంది. 20 ఇచ్చే కారు బదులు 25 ఇచ్చే కారు తీసుకుంటే 1000 కిలోమీటర్లకు 10 లీటర్లు మిగులుతాయి. 12 ఇస్తున్న పాత కారును బాగుచేసి 15కి తెస్తే అదే 1000 కిలోమీటర్లకు 16 లీటర్లు దాటి మిగులుతాయి. చూడటానికి మొదటిది ఐదు, రెండోది మూడే. జేబులో మిగిలేది మాత్రం రెండోదాంట్లోనే ఎక్కువ. అందుకే మైలేజీ అంకెను పక్కనపెట్టి కిలోమీటరుకు ఎన్ని రూపాయలు అవుతుందో లెక్క వెయ్యండి. అప్పుడు పెట్రోలు, గ్యాసు, డీజిల్ మూడూ ఒకే తక్కెడలోకి వస్తాయి.

పెట్రోలా, సీఎన్‌జీనా?

ఎక్కువమంది తటపటాయించేది ఇక్కడే కాబట్టి లెక్క విప్పి చెబుతాను. ధరలు మారుతుంటాయి, మీ బంకులో ఉన్న ధర వేసుకోండి. లెక్క కోసం పెట్రోలు లీటరు 110 రూపాయలు, సీఎన్‌జీ కిలో 95 రూపాయలు అనుకుందాం. పెట్రోలు మీద 20 ఇచ్చే కారుకు కిలోమీటరు ఖర్చు ఐదున్నర రూపాయలు. అదే కారు సీఎన్‌జీ మీద కిలోకు 27 ఇస్తే కిలోమీటరుకు మూడున్నర. తేడా రెండు రూపాయలు.

సీఎన్‌జీ బండికి ముందుగా సుమారు 90 వేలు ఎక్కువ పెట్టాలి. కిలోమీటరుకు రెండు రూపాయల చొప్పున ఆ 90 వేలు తిరిగి రావాలంటే 45 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే ఇంటికి దానికి ఏడున్నర ఏళ్ళు పడుతుంది. నెలకు 1500 తిరిగేవాళ్ళకు రెండున్నర ఏళ్ళు. నా లెక్కలో నెలకు 800 లోపు తిరిగేవాళ్ళు సీఎన్‌జీ జోలికి పోనక్కర్లేదు. 1200 దాటితే గట్టిగా ఆలోచించాలి. మధ్యలో ఉన్నవాళ్ళు డిక్కీ ఎంత అవసరమో, బంకు ఎంత దూరమో చూసి తేల్చుకోవాలి.

సీఎన్‌జీ మైలేజీ చూసి మోసపోకండి. వ్యాగన్ఆర్ పెట్రోలు 24, సీఎన్‌జీ 34 అనగానే గ్యాసు మీద ఇంజిన్ అంత పొదుపుగా నడుస్తుందని అనుకుంటారు. ఒకటి లీటరు, ఇంకొకటి కిలో. ఒక కిలో సీఎన్‌జీలో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికి సుమారు ఒకటిన్నర రెట్లు. ఇంజిన్ కొత్తగా పొదుపు నేర్చుకోలేదు. లాభమంతా గ్యాసు చవక కావడంలోనే ఉంది. రేపు గ్యాసు ధర పెరిగి పెట్రోలుకు దగ్గరపడితే ఆ లాభం కరిగిపోతుంది. 90 వేలు పెట్టేముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక వాడకంలో కష్టసుఖాలు. చిన్న కార్లలో మామూలుగా వచ్చే 60 లీటర్ల సిలిండరులో పట్టేది ఎనిమిది, తొమ్మిది కిలోలే. అంటే ఒకసారి నింపితే 200 కిలోమీటర్ల పైచిలుకు. నెల్లూరు నుంచి చెన్నై చేరడానికి సరిపోతుంది, తిరిగి రావడానికి సరిపోదు. గ్యాసు అయిపోతే బండి పెట్రోలు మీదికి మారుతుంది కాబట్టి దారిలో ఆగిపోతామనే టెన్షన్ లేదు. కానీ పెట్రోలు మీద నడిచే ప్రతి కిలోమీటరుకూ మీ లెక్క తప్పుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం గ్యాసు వేడెక్కి ఉంటుంది, అదే ప్రెషరుకు తక్కువ కిలోలు ఎక్కుతాయి. సిలిండరుకు మూడేళ్ళకోసారి హైడ్రో టెస్టు (నీటి ప్రెషరుతో చేసే పరీక్ష) చేయించాలి. డిక్కీ సంగతి చెప్పాలంటే, వ్యాగన్ఆర్ లాంటి బండిలో సిలిండరు పెట్టాక పెళ్ళికి వెళ్ళే సూట్‌కేసు పట్టదు. టాటా వాళ్ళు టియాగో, ఆల్ట్రోజ్, పంచ్‌లలో ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి అడుగున సర్దారు. డిక్కీ చాలావరకు మిగులుతుంది. సామాన్లతో తిరిగే కుటుంబానికి అది పెద్ద సుఖం.

కొనే ముందు ఒక పని చెయ్యండి. మీరు రోజూ పోయే దారిలో సీఎన్‌జీ బంకు ఉందో లేదో మ్యాపులో చూసి ఊరుకోకుండా, ఒకసారి ఉదయం, ఒకసారి సాయంత్రం ఆ బంకు దగ్గరికే వెళ్ళి చూడండి. ఆటోలు ఎన్ని నిలబడ్డాయి, గ్యాసు ప్రెషరు సరిగా వస్తోందా, అక్కడ నింపుకుంటున్న ఇద్దరు ఆటో డ్రైవర్లు ఏమంటున్నారు. వాళ్ళు చెప్పినంత నిజం ఏ బ్రోచరూ చెప్పదు. బంకు కోసం దారి తప్పి పదిహేను కిలోమీటర్లు పోవాల్సిన ఊరైతే పెట్రోలే మేలు.

డీజిల్ గురించి రెండు ముక్కలు చాలు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ మానేసింది. హ్యాచ్‌బ్యాక్‌లలో చివరికి మిగిలింది ఆల్ట్రోజ్ డీజిల్ ఒక్కటే. లీటరు 98 అనుకుని 20 వచ్చినా కిలోమీటరుకు దాదాపు ఐదు రూపాయలు. సీఎన్‌జీ ముందు నిలవదు, పెట్రోలు మీద లాభమూ కొద్దిదే. పైగా కొత్త డీజిల్ బండ్ల సైలెన్సరులో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద ఏకధాటిగా పోవాలి. టౌన్‌లో రెండేసి కిలోమీటర్లు తిప్పేవాళ్ళకు అది మూసుకుపోయి ఖర్చు తెచ్చిపెడుతుంది. నెలకు రెండు వేల కిలోమీటర్లకు పైగా హైవే మీదే తిరుగుతూ, దారిలో సీఎన్‌జీ దొరకనివాళ్ళకు తప్ప నేను డీజిల్ చెప్పను.

పాత పెట్రోలు కారుకు బయట సీఎన్‌జీ కిట్ వేయించుకుంటే చవక కదా అని అడుగుతుంటారు. ఆమోదం ఉన్న కిట్ అయ్యుండాలి, ఆర్టీవో ఆఫీసులో ఆర్‌సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్సు వాళ్ళకు చెప్పాలి. కొత్త బండికైతే ఇంజిన్ వారంటీ చేజేతులా వదులుకున్నట్టే.

గేర్ల బండా, ఏఎంటీనా?

ఆటోమేటిక్ అంటే పెట్రోలు తాగుతుందనే భయం ఇంకా పోలేదు. పాత రకం ఆటోమేటిక్ గేరుబాక్సుల విషయంలో అది నిజమే. చిన్న కార్లలో వచ్చే ఏఎంటీ వేరు. అది మామూలు గేరుబాక్సే, క్లచ్ తొక్కి గేరు మార్చే పని మాత్రం మెషిన్ చేస్తుంది. అందుకే మారుతి కంపెనీ అంకెల్లో ఏఎంటీయే ఒక మెట్టు పైన ఉంటుంది. ఆల్టో కె10 గేర్ల బండి 24.39 అయితే ఏఎంటీ 24.90. 2024లో వచ్చిన స్విఫ్ట్ 24.80 అయితే ఏఎంటీ 25.75. సెలెరియో ఏఎంటీ 26.68 అని చెప్పారు, మామూలు పెట్రోలు కార్లలో అది చాలా పెద్ద అంకె.

రోడ్డు మీద రెండూ దాదాపు సమానం. గేర్లు చక్కగా మార్చేవాళ్ళ చేతిలో మాన్యువలే కాస్త ముందుంటుంది. రెండో గేరులో సెంటర్ దాకా లాగే అలవాటున్నవాళ్ళకు ఏఎంటీ పెట్రోలు మిగులుస్తుంది. దానికి అదనంగా పెట్టే యాభై వేల చిల్లర మైలేజీతో తిరిగి రాదు. ఒంగోలు కర్నూలు రోడ్డులోనో, నెల్లూరు వీఆర్‌సీ సెంటర్‌లోనో రోజూ ఎడమ కాలు నొప్పి పుడుతుంటే, ఆ నొప్పి పోగొట్టుకోవడానికి తీసుకోండి. తప్పులేదు.

ఏ బండి?

బరువు తక్కువైతే మైలేజీ ఎక్కువ, ఇందులో రహస్యమేమీ లేదు. ఆల్టో, సెలెరియో, వ్యాగన్ఆర్ ముందుండేది అందుకే. టియాగో, పంచ్ లాంటివి కంపెనీ లెక్కలోనే 20 చుట్టూ ఉంటాయి. ఆ తేడా నిజమైనదే, కానీ అదేమంత కొంప ముంచేది కాదు. ఒక చిన్న లెక్క చూడండి. వ్యాగన్ఆర్‌లో 1.0 లీటర్ ఇంజిన్ 24.35, 1.2 ఇంజిన్ 23.56. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు తిరిగితే తేడా 14 లీటర్లు, అంటే సుమారు 1500 రూపాయలు. ఏసీ వేసుకుని ఐదుగురు ఎక్కి హైవే మీద పోయేటప్పుడు 1.0 ఇంజిన్‌ను పిండి నడపాలి, అప్పుడు ఆ కాస్త తేడా కూడా మాయమవుతుంది. కుటుంబంతో తరచూ దూరం పోయేవాళ్ళు 1.2 తీసుకోవాలి. ఇద్దరే టౌన్‌లో తిరిగే ఇంటికి 1.0 చాలు.

హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్ళకు ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మన 16వ నంబరు జాతీయ రహదారి మీద పక్కన పోయేవి కంటైనర్లు, గ్రానైటు లారీలు, రాత్రిపూట లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కులు. అక్కడ మైలేజీ ఒక్కటే చూసి బండి కొనకూడదు. 2023లో కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో వ్యాగన్ఆర్‌కు పెద్దల భద్రతలో ఒక స్టారు, ఆల్టో కె10కు రెండు స్టార్లు వచ్చాయి. 2024లో వచ్చిన కొత్త డిజైర్‌కు అదే సంస్థ ఐదు స్టార్లు ఇచ్చింది. దాని మైలేజీ 24.79. రెండూ ఒకే బండిలో దొరుకుతున్నప్పుడు, డబ్బు పెట్టగలిగితే హైవే మనిషికి నేను డిజైరే చెబుతాను. డబ్బు సరిపోకపోతే, నాలుగైదు కిలోమీటర్ల మైలేజీ పోయినా టియాగో లాంటి గట్టి బండి వైపు చూడమంటాను.

వేరియంటు ఎంచుకునేటప్పుడు చక్రాలు కూడా చూడండి. స్విఫ్ట్‌లో కింది వేరియంట్లకు 165 వెడల్పు, 14 అంగుళాల టైర్లు వస్తాయి. పైవాటికి 185 వెడల్పు, 15 అంగుళాలవి. వెడల్పు టైరు చూడటానికి బాగుంటుంది, మలుపులో పట్టు ఇస్తుంది, కానీ దాన్ని దొర్లించడానికి ఎక్కువ శ్రమ పడుతుంది. మార్చేటప్పుడు ఖరీదు కూడా ఎక్కువే. కొన్నాక బయట ఇంకా పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించుకునే సరదా ఉంటే మైలేజీ గురించి అడగడం మానెయ్యాలి.

ఎవరికి ఏది

నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోర్టుకు రోజూ పోయే ఉద్యోగి నెలకు తేలిగ్గా 1500 కిలోమీటర్లు తిరుగుతాడు. పోర్టు రోడ్డులో లారీల వెనక నలభైలో పోవడం, దారి దొరికితే దాటడం, మళ్ళీ ఇంకో లారీ. ఇలాంటి వాడకానికి సీఎన్‌జీ సరిగ్గా సరిపోతుంది. కావలి, గూడూరుల నుంచి నెల్లూరుకు, కందుకూరు నుంచి ఒంగోలుకు రోజూ వచ్చిపోయేవాళ్ళకూ అంతే.

టౌన్‌లోనే ఉండి, పిల్లల బడి, మార్కెట్టు, వారానికోసారి మైపాడు బీచి, ఏడాదికి రెండుసార్లు తిరుపతి. ఇలాంటి ఇంటికి మామూలు పెట్రోలు, 1.0 ఇంజిన్. ఇంకేమీ అక్కర్లేదు. మిగిలిన 90 వేలు బ్యాంకులో వేసుకోండి.

పొదిలి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు ఉన్నవాళ్ళు బంకు ఎక్కడుందో చూసుకోకుండా సీఎన్‌జీ కొనవద్దు. గ్యాసు మీద ఇంజిన్ బలం పది, పదిహేను శాతం తగ్గుతుంది. చదును రోడ్డు మీద తెలియదు. ఐదుగురితో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. అక్కడ స్విచ్చి నొక్కి పెట్రోలు మీదికి మారడం మంచిది.

రొయ్యల గుంటల కట్టల మీద, చేలగట్ల మట్టి దారుల్లో రోజూ తిరిగేవాళ్ళకు మైలేజీ ఎలాగూ అంతంతమాత్రమే. కింద ఎత్తు ఉన్న బండి చూసుకోండి. అడుగు తగిలి ఆయిల్ చాంబరు పగిలితే ఏడాది మిగిల్చిన పెట్రోలు డబ్బు ఒక్క రోజులో పోతుంది.

కొన్నాక మీ కాలిలో ఉన్నది

ఒకే బండిని ఇద్దరు నడిపితే లీటరుకు నాలుగైదు కిలోమీటర్ల తేడా రావడం మామూలే. టంగుటూరు టోల్‌గేటుకు కాస్త ముందు రోడ్డు పక్కన నిలబడి చూస్తే కారణం కళ్ళారా కనిపిస్తుంది. ఒకాయన గేటు కనిపిస్తున్నా తొంభైలో వచ్చి, చివరి వంద మీటర్లలో బ్రేకు మీద నిలబడతాడు. వెనక బ్రేకు లైట్లు భగ్గున వెలుగుతాయి, ముందు చక్రాల మీదికి బండి వంగుతుంది. అతను కాల్చిన పెట్రోలంతా బ్రేకుల్లో వేడిగా పోయింది. ఇంకొకాయన గేటు కనపడగానే యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తాడు, గేరు అలాగే ఉంచుతాడు. బండి తన బరువుతో తాను దొర్లుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి ఇరవైలో ఉంటుంది. ఫాస్టాగ్ పలుకుతుంది, గేటు లేస్తుంది, పూర్తిగా ఆగకుండానే వెళ్ళిపోతాడు. ఇద్దరూ ఒకే సమయానికి సింగరాయకొండ దాటతారు.

గేరు అలాగే ఉంచడం ముఖ్యం. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గేరులో ఉండగా కాలు పూర్తిగా తీస్తే కంప్యూటరు పెట్రోలు ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి మళ్ళీ పెట్రోలు పోస్తుంది. దిగుడులో న్యూట్రల్ వేస్తే ఆదా అనేది కార్బ్యురేటరు బండ్ల కాలం మాట. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే నల్లమల ఘాటులో, శ్రీశైలం దారిలో అలా చెయ్యడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఇంజిన్ పట్టు లేక భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

వేగం గురించి. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది. 80 నుంచి 100కి పోతే వేగం పెరిగింది పాతిక శాతమే, గాలి తోసే బలం మాత్రం యాభై శాతం దాటి పెరుగుతుంది. 80 దగ్గర 22 ఇచ్చే చిన్న కారు 100 మీద 18కి దిగడం సాధారణం. నెల్లూరు నుంచి ఒంగోలుకు 120 కిలోమీటర్లు అనుకుంటే 100లో పోయినవాడు 80లో పోయినవాడికంటే 18 నిమిషాలు ముందు చేరతాడు, ఒక లీటరుకు పైగా ఎక్కువ కాలుస్తాడు. పద్దెనిమిది నిమిషాలకు 135 రూపాయలు. ఆసుపత్రి పని ఉంటే పొండి. చుట్టాలింటికైతే 80, 85 చాలు.

టౌన్‌లో వేగం కాదు, ఆగి కదలడమే తాగేస్తుంది. ముందు సిగ్నలు ఎర్రగా ఉంటే దాని దాకా తొక్కుకుంటూ పోయి ఆగకండి. ఇంజిన్ రెండు వేల చుట్టూ తిరుగుతుండగానే పై గేరు వేసెయ్యండి, అదురుతుంటే మాత్రం కింది గేరుకు రండి. నిమిషం కంటే ఎక్కువ ఆగేచోట ఇంజిన్ ఆపెయ్యండి. బడి ముందు పిల్లల కోసం ఏసీ వేసుకుని అరగంట నిలబెడితే దాదాపు అర లీటరు అక్కడే ఆవిరి. ఇంజిన్ వేడెక్కకముందే ఆపేసే రెండు కిలోమీటర్ల తిరుగుళ్ళు ఇంకా దండగ. పాలకోసారి, కూరగాయలకోసారి కారు తీసే బదులు రెండు మూడు పనులు కలిపి ఒక్కసారి తియ్యండి. పక్క వీధికి స్కూటరు ఉందిగా.

ఏసీ మానేయమని రోహిణి కార్తెలో నెల్లూరులో ఎవరికీ చెప్పలేం. చెప్పకూడదు కూడా, చెమటలు కక్కుతూ నడిపితే ప్రమాదం. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే ఏసీ నాలుగులో పెట్టకుండా, నాలుగు అద్దాలూ దించి ఒక నిమిషం నడపండి. లోపలి వేడి బయటికి పోతుంది. తర్వాత అద్దాలు ఎక్కించి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి, చల్లబడ్డాక తగ్గించండి. హైవే మీద అద్దాలు దించి పోతే గాలి లోపలికి కొట్టి బండిని వెనక్కి లాగుతుంది, అక్కడ ఏసీయే మేలు. నీడ చూసి బండి పెట్టడం ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆదా.

గాలి, ఫిల్టరు, ఆయిలు

మైలేజీ పడిపోయిందని వచ్చే బండ్లలో ముందు చూడాల్సింది టైర్లలో గాలి. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. ముందు టైరుకు ఎంత, వెనకకు ఎంత, నిండా మనుషులుంటే ఎంత అని అందులోనే రాసి ఉంటుంది. గాలి కొట్టే కుర్రాడికి ఆ అంకె మీరే చెప్పండి. చెప్పకపోతే అన్ని కార్లకూ అలవాటైన అంకె కొట్టేస్తాడు. బండి ఎక్కువ దూరం నడవకముందు, ఉదయం పూట చూపించుకోవాలి. వేడెక్కిన టైరులో ప్రెషరు ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి తీసేస్తే రాత్రికి తక్కువై కూర్చుంటుంది. పదిహేను రోజులకోసారి చాలు.

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైటు లారీల దుమ్ములో తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టరు సర్వీసు బుక్కులో చెప్పినదానికంటే ముందే మార్చాలి. మూసుకుపోతే ముందు పికప్ తగ్గుతుంది, మీరు ఇంకా గట్టిగా తొక్కుతారు. ఇంజిన్ ఆయిలు విషయంలో కంపెనీ చెప్పిన పలుచటి గ్రేడే పొయ్యాలి. ఎండలు ఎక్కువని, చిక్కటిదైతే ఇంజిన్‌కు బలమని షెడ్డులో చెబితే వినకండి.

బ్రేకు పట్టేస్తోందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. పది కిలోమీటర్లు నడిపాక నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి కాస్త ఎడంగా పెట్టి చూడండి, ఇనుము ముట్టుకోకండి. మిగతావాటికంటే ఒకటి భగభగలాడుతుంటే ఆ చక్రం బ్రేకు వదలడం లేదన్నమాట. పాత కారు కొనేటప్పుడు కూడా ఈ పరీక్ష తప్పకుండా చెయ్యండి. పైన క్యారియరు ఉంటే తీయించండి. వాడకపోయినా అది గాలిని పడుతూనే ఉంటుంది.

2023 ఏప్రిల్‌కు ముందు బండ్లవాళ్ళు ఇప్పుడు ఇంకో తేడా చూస్తున్నారు. బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ. దానికి తగ్గట్టు తయారుకాని బండ్లలో మైలేజీ మూడు నుంచి ఆరు శాతం దాకా తగ్గుతుందని ప్రభుత్వమే చెప్పింది. అంటే 18 ఇచ్చేది 17కి వస్తే ఇంజిన్ విప్పించాల్సిన పని లేదు. పాత బండ్లలో రబ్బరు పైపులు, సీళ్ళు మాత్రం సర్వీసులో ఒకసారి చూపించుకోండి.

పెట్రోలు పైపుకు అయస్కాంతం, ట్యాంకులో వేసే బిళ్ళలు, సిగరెట్ లైటరులో గుచ్చే డబ్బీ, వీటికి పైసా పెట్టకండి. మామూలు చిన్న ఇంజిన్‌కు ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోసినా మైలేజీ పెరగదు. తెల్లవారుజామున కొట్టిస్తే ఎక్కువ వస్తుందనేదీ అంతే. ట్యాంకు భూమి లోపల ఉంటుంది, పగలు రాత్రి అక్కడ వేడి పెద్దగా మారదు.

మైలేజీ కొలవడానికి ఒకటే పద్ధతి నమ్మండి. బంకులో పైపు తనంతట తాను ఆగేదాకా నింపించి, ట్రిప్ మీటరు సున్నా చెయ్యండి. మూడొందల కిలోమీటర్లు దాటాక అదే బంకులో మళ్ళీ అలాగే నింపించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. డాష్‌బోర్డు మీద కనిపించే అంకె తరచుగా కాస్త ఎక్కువే చూపిస్తుంది. పైపు ఆగాక ఇంకో యాభై రూపాయలు పోయమని బలవంతం చెయ్యకండి. పెట్రోలు ఆవిరిని పట్టే డబ్బాలోకి పెట్రోలే దిగి అది పాడవుతుంది.

చెన్నై పోయివచ్చేవాళ్ళకు మాత్రం ఒక ఆదా చేతికి అందేలా ఉంది. పన్నుల తేడా వల్ల తమిళనాడులో పెట్రోలు మనకంటే కొన్నేళ్ళుగా ఏడెనిమిది రూపాయలు తక్కువగా ఉంటోంది. తిరిగి వచ్చేటప్పుడు తడ ఇంకా రాకముందే ట్యాంకు నింపుకుంటే 35 లీటర్లకు 250 రూపాయల పైన మిగులుతుంది. సూళ్ళూరుపేట, తడవాళ్ళకు అది పక్కనే. నెల్లూరు నుంచి దాని కోసమే బయల్దేరితే పోనురాను 190 కిలోమీటర్లు, ఖర్చు వెయ్యి రూపాయలు. పని మీద వెళ్ళినప్పుడే నింపుకోండి.